బేతంచెర్ల బండల కొటేషన్ స్పామ్‌లో ఎందుకు పడుతుంది?

కర్నూలులో హెడ్డాఫీసు, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్లిన బేతంచెర్లలో పాలిషింగ్ యూనిట్ ఉన్న ఒక బండల ఎగుమతి కంపెనీని ఊహించుకుందాం. నలభై మంది ఉద్యోగులు, కంపెనీ పేరుతో సొంత డొమైన్ (మెయిల్ ఐడీలో @ తర్వాత వచ్చే పేరు), దాని మీద అందరికీ మెయిల్ ఐడీలు. గురువారం సాయంత్రం మస్కట్‌లోని వ్యాపారికి కొటేషన్ పంపారు. ఒమన్‌లో శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం ఆయన ఫోన్ చేసి ఏమీ రాలేదన్నాడు. ఇక్కడ సెంట్ ఫోల్డర్‌లో చూస్తే మెయిల్ ఉంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పంపడానికీ చేరడానికీ మధ్య జరిగేదాన్ని కనిపెట్టి ఉండడమే మెయిల్ సర్వర్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగం.

చాలామంది ఈ పనిని సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం అనుకుంటారు. అది ఒక పూట పని. మిగతాదంతా పరపతి వ్యవహారం. మార్కెట్ యార్డులో కొత్తగా కొట్టు తెరిచినవాడికి మొదటి రోజే ఎవరూ అరువు ఇవ్వరు. ఎవరి మనిషి, ఎక్కడివాడు, ఇంతకుముందు ఎవరికైనా ఎగ్గొట్టాడా అని నాలుగు చోట్ల వాకబు చేస్తారు. అవతలి మెయిల్ సర్వర్ కూడా మన సర్వర్ గురించి సరిగ్గా ఇదే వాకబు చేస్తుంది, కాకపోతే రెండు మూడు సెకన్లలో ముగిస్తుంది.

మెయిల్ సర్వర్ అని ఒక్క మాటలో అంటాం గానీ లోపల వేరువేరు పనులు నడుస్తుంటాయి. ఇతర సర్వర్లకు ఉత్తరం అందించేది, వాటి నుంచి తీసుకునేది ఒక ప్రోగ్రామ్. పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ ఈ రకంవి. వచ్చినవాటిని దాచిపెట్టి ఫోన్‌కో ఔట్‌లుక్‌కో చూపించేది ఇంకొకటి, అందులో డవ్‌కాట్ ఎక్కువగా కనబడుతుంది. చెత్త ఏరేసే ఫిల్టర్ మూడోది. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్‌లో ఇవన్నీ ఒకే ప్యాకేజీగా వస్తాయి. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది 25వ పోర్టు మీద. పోర్టు అంటే సర్వర్‌కు నంబరు వేసిన తలుపు లాంటిది. మన ఉద్యోగులు పాస్‌వర్డ్ ఇచ్చి మెయిల్ పంపేది 587 లేదా 465 మీద, చదువుకునేది 993 మీద. ఈ తేడా పట్టించుకోకుండా, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరి మెయిల్‌నైనా ఎవరికైనా చేరవేసేలా సర్వర్‌ను వదిలేస్తే దాన్ని ఓపెన్ రిలే అంటారు. అలాంటి సర్వర్‌ను స్పామర్లు కనిపెట్టడానికి ఎంతో కాలం పట్టదు.

సర్వర్లు మాట్లాడుకునే భాష పేరు ఎస్‌ఎమ్‌టీపీ. జాన్ పోస్టెల్ దాని నియమాలను 1982 ఆగస్టులో రాశాడు. అప్పటి నెట్‌వర్క్ చిన్నది, వాడేవాళ్లు ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థల వాళ్లు. అందుకే ఆ సంభాషణ చాలా మర్యాదగా ఉంటుంది. నమస్కారం, నేను ఫలానా సర్వర్‌ని. ఈ ఉత్తరం ఫలానావారి నుంచి. ఫలానావారికి చేర్చాలి. ఇదిగో ఉత్తరం. చివర ఒక లైనులో ఒంటరిగా ఒక చుక్క పెడితే ఉత్తరం అయిపోయినట్టు. నువ్వు చెప్పిన ఫలానావాడివి నిజంగా నువ్వేనా అని నిలదీసే ఘట్టం ఇందులో ఎక్కడా లేదు. ఈనాటి తలనొప్పుల్లో సగం ఆ లోటు నుంచే పుట్టాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇది అర్థమైతే తర్వాతి సంగతులన్నీ తేలిక. సర్వర్‌తో చెప్పే 'ఫలానావారి నుంచి' అన్న పేరు వేరు, చదివేవాడికి మెయిల్ పైన కనిపించే ఫ్రమ్ పేరు వేరు. పోస్టులో వచ్చే ఉత్తరంలో కవరు మీద ఒక పేరు, లోపల లెటర్‌హెడ్ మీద ఒక పేరు ఉన్నట్టు. పోస్ట్‌మ్యాన్ కవరే చూస్తాడు, చదివేవాడు లెటర్‌హెడ్డే చూస్తాడు. రెండూ ఒకటే కావాలని 1982 నాటి నియమాల్లో లేదు. కవరు మీద ఏదో పేరు రాసి, లోపల బ్యాంకు మేనేజర్ లెటర్‌హెడ్ పెట్టి పంపేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ లోటును పూడ్చడానికి తర్వాతి కాలంలో మూడు ఏర్పాట్లు వచ్చాయి. మూడింటినీ మన డొమైన్ డీఎన్‌ఎస్‌లో రికార్డులుగా రాసిపెట్టాలి. డీఎన్‌ఎస్ అంటే డొమైన్ పేరు మీద బహిరంగంగా పెట్టిన చిట్టా, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. మెయిల్ ఏ సర్వర్‌కు అందించాలో చెప్పే ఎమ్‌ఎక్స్ రికార్డు ఉండేది కూడా ఇందులోనే.

మొదటి ఏర్పాటు ఎస్‌పీఎఫ్. మా పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ ఐపీ అడ్రసులకు (ఇంటర్నెట్‌లో కంప్యూటర్లను గుర్తుపట్టే నంబర్లకు) మాత్రమే ఉంది అన్న ప్రకటన అది. అవతలివాళ్లు కవరు మీది డొమైన్‌ను దీనితో పోల్చి చూస్తారు. రెండోది డీకిమ్. బయటికి పోయే ప్రతి ఉత్తరానికీ మన సర్వర్ ఒక డిజిటల్ ముద్ర వేస్తుంది, ఆ ముద్రను సరిచూసే తాళం చెవి డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. దారిలో ఎవరైనా ఉత్తరంలో అక్షరం మారిస్తే ముద్ర పొసగదు. ఈ రెండూ లెటర్‌హెడ్ జోలికి పోవు. ఆ పని మూడోదైన డీమార్క్ చేస్తుంది. ఎస్‌పీఎఫ్‌లో నెగ్గిన పేరు గానీ డీకిమ్ ముద్రలోని పేరు గానీ పైన కనిపించే ఫ్రమ్ డొమైన్‌తో కలవాలని అది పట్టుబడుతుంది. కలవకపోతే ఏం చేయాలో కూడా మనమే చెప్పాలి. చూసీచూడనట్టు పోవాలా, స్పామ్‌లో పడేయాలా, గుమ్మంలోనే తిప్పి పంపాలా అన్నది డొమైన్ యజమాని నిర్ణయం.

కాగితం మీద ఇంత సాఫీగా ఉన్నది ఆఫీసులో ఎక్కడ బెడిసికొడుతుందో చూడాలి. మన బండల కంపెనీ పేరుతో మెయిల్ సర్వర్ ఒక్కటే ఉత్తరాలు పంపుతోందని ఓనరు అనుకుంటాడు. లెక్క తీస్తే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఇన్‌వాయిస్‌లు మెయిల్ చేస్తుంటుంది. జీతం స్లిప్పులు ఇంకో పోర్టల్ నుంచి వస్తుంటాయి. దీపావళి గ్రీటింగ్స్ పంపడానికి సేల్స్ వాళ్లు ఎప్పుడో ఒక బల్క్ మెయిల్ సర్వీసు తీసుకుని ఉంటారు. యూనిట్‌లోని స్కానర్ కూడా డెలివరీ చలాన్లను మెయిల్ చేస్తుంది. ఇవన్నీ కంపెనీ పేరు వాడుకుంటున్నవే. ఈ జాబితా తయారు కాకముందే డీమార్క్‌ను 'తిప్పి పంపు' అని పెడితే సొంత ఇన్‌వాయిస్‌లే తిరిగొస్తాయి. అందుకే మొదట 'చూస్తూ ఉండు' అన్న స్థాయిలో పెట్టి, జీమెయిల్ వంటి పెద్ద సర్వీసులు సాధారణంగా రోజుకొకసారి పంపే రిపోర్టులు చదవాలి. మన పేరుతో ఏ ఐపీ నుంచి ఎన్ని మెయిల్స్ వచ్చాయో వాటిలో ఉంటుంది. కొన్ని వారాలు చదివాక తెలియని పేర్లు తగ్గిపోతాయి, అప్పుడు బిగించాలి. చాలా కంపెనీలు మొదటి స్థాయిలో పెట్టి మర్చిపోతాయి. కాపలాదారుణ్ని పెట్టుకుని, దొంగ వస్తే పేరు రాసుకుని లోపలికి పంపమన్నట్టు ఉంటుంది అది.

ఎస్‌పీఎఫ్‌లో తరచూ జరిగే పొరపాట్లు రెండు. కొత్త సర్వీసు తీసుకున్నప్పుడల్లా వాళ్లిచ్చిన లైనును పాత రికార్డులో కలపకుండా రెండో రికార్డుగా పెట్టడం ఒకటి. ఒక డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉంటే రెండూ చెల్లవు. రెండోది, ఒక రికార్డును సరిచూడడానికి పదికి మించి డీఎన్‌ఎస్ విచారణలు చేయాల్సివస్తే ఆ రికార్డు చెల్లదు. నాలుగైదు సర్వీసులను 'ఇంక్లూడ్' చేస్తే, వాటి లోపల ఇంకొన్ని ఇంక్లూడ్‌లు ఉండి, ఈ పది ఇట్టే దాటిపోతుంది.

వీటిని 'ఉంటే మంచిది' అనుకునే రోజులు 2024 ఫిబ్రవరితో పోయాయి. రోజుకు 5,000 మించి జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లకు మూడూ తప్పనిసరని గూగుల్ అప్పటి నుంచి అమలు మొదలుపెట్టింది, యాహూ కూడా ఇలాంటి నియమాలే తెచ్చింది. తక్కువ పంపేవాళ్లకూ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మందికి దీపావళి మెయిల్ పంపితే ముగ్గురు 'స్పామ్' బటన్ నొక్కినా హద్దుకు వచ్చినట్టే. ఎవరివో విజిటింగ్ కార్డులు పోగేసి బల్క్ మెయిల్ పంపే సేల్స్ మేనేజర్‌కు ఈ అంకె చూపించాలి.

ఇక సర్వర్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. కొండారెడ్డి బురుజు దగ్గర ఆఫీసు, బ్రాడ్‌బ్యాండ్ ఉంది, పాత కంప్యూటర్ ఖాళీగా ఉంది, అందులోనే పెట్టేస్తే పోలా అనిపిస్తుంది. పెట్టొచ్చు, మెయిల్ వెళ్లకపోవచ్చు. మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ అడ్రసు మారుతూ ఉంటుంది. అలాంటి అడ్రసుల నుంచి నేరుగా మెయిల్ రాకూడదంటూ స్పామ్ మీద నిఘా పెట్టే స్పామ్‌హౌస్ సంస్థ వాటిని పీబీఎల్ అనే జాబితాలో పెడుతుంది, ఎన్నో సర్వర్లు ఆ జాబితా చూసి తలుపు వేసేస్తాయి. స్టాటిక్ ఐపీ, అంటే మారని ఐపీ, తీసుకున్నా పీటీఆర్ రికార్డు కావాలి. పేరు నుంచి ఐపీకి దారి చూపే రికార్డు మన చేతిలో ఉంటుంది గానీ, ఐపీ నుంచి పేరుకు దారి చూపే ఈ పీటీఆర్ ఆ ఐపీ ఎవరిదో వాళ్ల చేతిలో ఉంటుంది. అంటే ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి అడగాలి. లోకల్ ఆపరేటర్‌కు పీటీఆర్ అంటే ఏమిటో వివరించడానికే ఒక వారం పట్టినా ఆశ్చర్యం లేదు. పెద్ద క్లౌడ్ కంపెనీల దగ్గర మెషీన్ తీసుకుందామంటే, స్పామర్ల భయంతో వాటిలో చాలావరకు బయటికి పోయే 25వ పోర్టును మూసే ఉంచుతాయి.

నలభై మంది ఉన్న కంపెనీకి సొంత మెయిల్ సర్వర్ అక్కర్లేదన్నది ఈ వ్యాసం అభిప్రాయం. ఒకరిద్దరు సిస్టమ్స్ ఇంజనీర్లు జీతం మీద ఉన్నచోట, ఉత్తరాలు బయటివాళ్ల చేతిలో ఉండకూడదన్న షరతు ఉన్నచోట, వేల ఖాతాలకు తలా ఇంత అద్దె కట్టడం భారమైనచోట దానికి అర్థం ఉంది. మిగతావాళ్లు గూగుల్, మైక్రోసాఫ్ట్, జోహో వంటి చోట్ల మెయిల్‌బాక్సులు అద్దెకు తీసుకోవడమే నయం. కాకపోతే అద్దెకు తీసుకోగానే అడ్మిన్ పని పోదు. పైన చెప్పిన మూడు రికార్డులు మనమే పెట్టుకోవాలి, ఖాతాలు తెరవడం మూయడం మనమే చూసుకోవాలి, అకౌంటెంట్ పాస్‌వర్డ్ పోతే నష్టమూ మనదే.

సొంత సర్వర్ నడిపేవాళ్లు రోజూ చూడాల్సింది క్యూ (పంపడానికి వరసలో ఉన్న మెయిల్స్), లాగ్ (ఏం జరిగిందో సర్వర్ రాసుకునే చిట్టా). అవతలి సర్వర్ జవాబులో మొదటి అంకె చాలా చెబుతుంది. 2తో మొదలైతే తీసుకున్నాం అని. 4తో మొదలైతే ఇప్పుడు కుదరదు, మళ్లీ రా అని. 5తో మొదలైతే ఇక రావద్దని. 550 అని వస్తే ఆ పేరుతో మనిషి లేడనో, మీ ఐపీని నమ్మమనో కారణం పక్కనే రాసి ఉంటుంది. బౌన్స్ అయిన, అంటే తిరిగొచ్చిన మెయిల్‌ను ఇంగ్లీషులో ఏదో గజిబిజి అని డిలీట్ చేసేవాళ్లు చాలామంది ఉంటారు. రోగం పేరు ఆ గజిబిజిలోనే ఉంటుంది. 4తో వచ్చినవి క్యూలో కూర్చుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటాయి. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజుల వరకు ఓపిక పట్టి, ఆ తర్వాతే పంపినవాడికి తిరుగు టపా కొడుతుంది. మధ్యలో 'ఆలస్యమవుతోంది' అని చెప్పే సదుపాయం ఉన్నా, అడ్మిన్ ఆన్ చేస్తే తప్ప చెప్పదు. గురువారం కొటేషన్ మీద ఆదివారం దాకా ఎవరికీ అనుమానం రాకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

250 అని జవాబు వచ్చినా ఇన్‌బాక్స్‌లో పడిందని కాదు. ఉత్తరం బాధ్యత అవతలి సర్వర్ తీసుకుందని మాత్రమే. ఆ తర్వాత ఇన్‌బాక్స్‌లో వేసిందా, స్పామ్‌లో వేసిందా అన్నది మన లాగ్‌లో కనిపించదు.

బండల ఫొటోలతో ఇంకో తంటా. అవతలి సర్వర్ హద్దు 25 ఎంబీ కదా అని 24 ఎంబీ జిప్ ఫైల్ పెడితే తిరిగొస్తుంది. అటాచ్‌మెంట్‌ను మెయిల్‌లో అక్షరాల రూపంలోకి మార్చి పంపుతారు, ఆ మార్పిడిలో అది మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. అసలు ఫైలు 18 ఎంబీ దాటకపోతేనే క్షేమం. తెలుగులో సబ్జెక్ట్ రాస్తే హెడర్లలో (మెయిల్‌కు పైన ఉండే వివరాల్లో) అర్థంకాని అక్షరాల దండ కనిపించేదీ ఇలాంటి మార్పిడి వల్లే, కంగారు పడనక్కర్లేదు. యూనికోడ్‌లో రాసిన తెలుగు చేరాల్సిన చోట మళ్లీ తెలుగుగా తెరుచుకుంటుంది. డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో టైప్ చేయించి మెయిల్‌లో అతికించిన ఉత్తరం మాత్రం, ఆ ఫాంట్ లేనిచోట తెలుగుగా తెరుచుకోదు. అది సర్వర్ తప్పు కాదు.

అన్నిటికన్నా ఖరీదైన ప్రమాదం పాస్‌వర్డ్ దొంగతనం. ఇది రెండు రకాలుగా బయటపడుతుంది. మొదటి రకం గోలగోలగా ఉంటుంది. రాత్రి రెండు గంటలకు అకౌంట్స్ ఐడీ నుంచి వేల స్పామ్ మెయిల్స్ పోతాయి, పొద్దున్నకి క్యూ కిటకిటలాడుతుంటుంది, మన ఐపీ బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కుతుంది. ఒక ఖాతా గంటకు ఇన్నే పంపాలన్న పరిమితి ముందే పెట్టి ఉంటే నష్టం చిన్నదిగా ఆగుతుంది. రెండో రకంలో చప్పుడు ఉండదు. దొంగ లోపలికి వచ్చి ఏమీ పంపడు. ప్రతి మెయిల్ తనకూ ఒక కాపీ వచ్చేలా ఫార్వర్డ్ రూల్ పెట్టి, వారాల తరబడి చదువుతూ కూర్చుంటాడు. ఏ వ్యాపారి ఎప్పుడు ఎంత కట్టాలో తెలుసుకుంటాడు. కంటెయినర్ బయల్దేరిన రోజున, అచ్చం అకౌంటెంట్ రాసే ధోరణిలోనే, మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి ఇక్కడ జమ చేయండి అని మస్కట్‌కు మెయిల్ పోతుంది. ఇలాంటి మోసాల్లో 2023లో పోయిన డబ్బు, అమెరికా ఎఫ్‌బీఐకి ఫిర్యాదు అందినంతవరకే, 290 కోట్ల డాలర్ల పైచిలుకు.

ఇక్కడ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ చేతులెత్తేస్తాయి. ఉత్తరం నిజంగానే మన సర్వర్ నుంచి, నిజమైన ముద్రతోనే వెళ్లింది మరి. డొమైన్‌లో ఒక అక్షరం మార్చి కొత్త డొమైన్ కొన్న దొంగ కూడా, దాని మీద ఈ మూడూ చక్కగా పెట్టుకుని వస్తాడు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కోడ్ అడిగే రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరి చేయడం, ఓనరు గారికి కూడా మినహాయింపు లేకుండా చేయడం మొదటి పని. కష్టం ఎప్పుడూ ఓనరు గారి దగ్గరే వస్తుంది. బ్యాంకు వివరాలు మారితే పాత నంబర్‌కు ఫోన్ చేసి అడగకుండా డబ్బు వేయొద్దని కొనుగోలుదార్లకు ముందే చెప్పి ఉంచడం రెండోది. పాస్‌వర్డ్ పోయిందని తెలిశాక దాన్ని మార్చి ఊరుకుంటే చాలదు. తెరిచి ఉన్న లాగిన్లన్నీ తెగ్గొట్టాలి, ఫార్వర్డ్ రూల్స్ వెతికి తీసేయాలి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది.

దీనికి చట్టం వైపు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సైబర్ ఘటనలను గమనించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. సర్వర్ల గడియారాలు కూడా సరిగ్గా ఉండాలి. మెయిల్ సర్వర్ ఒక టైమ్, ఫైర్‌వాల్ ఇంకో టైమ్ చూపిస్తుంటే ఏది ముందు జరిగిందో ఎవరూ తేల్చలేరు.

మన ఊళ్లలో మెయిల్ ఆగిపోవడానికి పెద్ద కారణం వీటిలో ఏదీ కాకపోవచ్చు. ఐదేళ్ల కిందట వెబ్‌సైట్ చేసిన కుర్రాడు డొమైన్‌ను తన సొంత జీమెయిల్‌తో రిజిస్టర్ చేసి ఉంటాడు. ఇప్పుడు అతను బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడు. రెన్యువల్ నోటీసులన్నీ అతనికే వెళ్లాయి, అతను చూడలేదు. గడువు తీరి డొమైన్ పోతే వెబ్‌సైట్, నలభై ఐడీలు ఒకేసారి మూగబోతాయి. దాన్ని ఇంకెవరైనా కొనుక్కుంటే మనకు రావాల్సిన ఉత్తరాలు వాళ్లకు వెళ్తాయి, పాస్‌వర్డ్ రీసెట్ లింకులతో సహా. డొమైన్ కంపెనీ పేరు మీద, కంపెనీ కార్డుతో, ఆ డొమైన్‌కు సంబంధంలేని ఇంకో మెయిల్ ఐడీతో ఉండాలి. మానేసిన ఉద్యోగి ఖాతాను వెంటనే తొలగించకుండా లాగిన్ మాత్రం ఆపి, వచ్చే మెయిల్స్ ఆ సీట్లోకి వచ్చినవాళ్లకు మళ్లించాలి.

చివరిది బ్యాకప్. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో ఉన్నవి కాగితాలైనా కంప్యూటర్లైనా నీళ్లపాలయ్యాయి. సర్వర్, దాని బ్యాకప్ డిస్కు ఒకే గదిలో, ఒకే టేబుల్ మీద పెట్టేవాళ్లు ఆ రెండు మూడు రోజులను గుర్తు తెచ్చుకోవాలి. రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ ఏర్పాటు డిస్కు చెడిపోతే ఆదుకుంటుంది గానీ, పొరపాటున డిలీట్ చేసిన ఫోల్డర్ రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. ఒక కాపీ బేతంచెర్ల యూనిట్‌లోనో, వేరే ఊళ్లోని క్లౌడ్‌లోనో ఉండాలి. మూడు నెలలకోసారి ఖాళీ కంప్యూటర్ ఒకటి తీసుకుని, ఆ కాపీలోంచి ఒక్క ఉద్యోగి మెయిల్‌బాక్స్‌ను బయటికి తీసి, నిరుడు మస్కట్ నుంచి వచ్చిన ఒక ఆర్డర్‌ను అటాచ్‌మెంట్‌తో సహా తెరిచి చూడాలి. మొదటిసారి సాధారణంగా తెరుచుకోదు. బ్యాకప్‌కు పెట్టిన పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, లేకపోతే అది నాలుగు నెలల కిందటే డిస్కు నిండి ఆగిపోయి ఉంటుంది, ఆ సంగతి చెప్పే మెయిల్ బెంగళూరు కుర్రాడికి వెళ్తూ ఉంటుంది.